తెల్లగీత పక్కన కొలత

ఆఫీసులో ఆయనకి పేరుంది. జీతం పట్టీలో కూడా ఉంది. కానీ ఆ పేరుతో పిలిచిన పాపాన ఎవరూ పోలేదు. అందరికీ ఇసకాయనే. ఇరవై ఆరేళ్లుగా హైవే మీద మోకాళ్లేసి కూర్చుని, గిన్నెడు ఇసక పోసి, గుండ్రంగా పరిచి, కొలుచుకుని లేచే మనిషిని ఇంకేమని పిలుస్తారు.

ఆ పనేమిటో ముందే చెప్పేస్తాను, లేకపోతే తర్వాత మీరు నన్ను అడ్డుకుంటారు. రోడ్డు దూరం నుంచి నల్లగా, ఒకేలా కనిపిస్తుంది గానీ వంగి చూస్తే కంకర రాళ్ల మధ్య సన్నటి సందులుంటాయి. వాన పడితే నీళ్లు ఆ సందుల్లోకి దిగుతాయి, టైరు రాయిని పట్టుకుంటుంది. ఏళ్ల తరబడి బళ్లు తిరిగి రాళ్లు అరిగి, ఎండకి తారు పైకి తేలి ఆ సందులు పూడిపోయాయనుకోండి, నీళ్లు పైనే నిలబడతాయి. అప్పుడు టైరుకి రోడ్డు అందదు, నీళ్లే అందుతాయి. మీరు బ్రేకు తొక్కుతూనే ఉంటారు, బండి తన దారిన తను పోతూనే ఉంటుంది.

సందులు ఎంత లోతున్నాయో తెలియడానికే ఇసక. జల్లించిన సన్నటి ఇసక, ఒక్కటే గిన్నె, తలకొట్టి కొలిచినది. రోడ్డు మీద పోసి, అడుగున రబ్బరు అంటించిన చెక్కబిళ్లతో గుండ్రంగా రుద్దుతూ పోవాలి. మంచి రోడ్డయితే ఇసకని తాగేస్తుంది, మచ్చ చిన్నగా, పదిహేడు పద్దెనిమిది సెంటీమీటర్ల అడ్డానికి ఆగిపోతుంది. నున్నటి రోడ్డయితే ఇసక దిగడానికి చోటు లేక పరుచుకుంటూనే పోతుంది. మచ్చ పెద్దదయితే రోడ్డు చెడ్డది. అంతే విద్య. దాని మీద ఇంజనీర్లు లెక్కలేవో వేసి పేజీలు నింపుతారు, అది వాళ్ల తిప్పలు. ఇందులో తమాషా ఏమిటంటే, ఈ కొలత రోడ్డు పొడిగా ఉన్నప్పుడే తీయాలి. తడిస్తే ఏమవుతుందో ఎండలో కూర్చుని చెప్పాలన్నమాట.

అలా చెప్పీ చెప్పీ ఆయన మోకాళ్లు రెండూ అరిగిపోయాయి. ఉదయం మంచం దిగేటప్పుడు గోడ పట్టుకుని ఒక నిమిషం అలాగే నిలబడతాడు. అలవాటైపోయింది. నొప్పి తగ్గుతుందన్న ఆశ పోయి చాలాకాలమైంది, నొప్పి పోతే ఏదో మరిచిపోయినట్టుంటుందేమో అని కూడా అనుకుంటాడు.

ఉండేది మేడ మీద రెండు గదులు. ముందుగదిలో కిటికీ పక్కన కొడుకు కుట్టుమిషను. అతను ఇంట్లోనే దర్జీ. కోడలు బస్సు డ్రైవరు. అవును, కోడలే. హైవే మీద పొద్దున రెండు ట్రిప్పులు, మధ్యాహ్నం రెండు ట్రిప్పులు. పెళ్లి కాకముందే లైసెన్సు తీసుకుంది. మొదట్లో చుట్టాలు ముక్కున వేలేసుకుంటే ఇసకాయన భార్య ఊరుకుందా? "మా ఇంట్లో మగాళ్లిద్దరూ కూర్చుని చేసే పనులే. ఒకడు మిషను ముందు, ఒకాయన నడిరోడ్డు మీద. పిల్ల కాబట్టి కాస్త నాలుగూళ్లు తిరిగొస్తోంది" అని అందరి నోళ్లూ మూయించింది. ఆవిడ నోరు అలాంటిది. దానికి ఎదురు వెళ్లినవాళ్లు లేరు.

మామాకోడళ్లు పెద్దగా మాట్లాడుకునే వాళ్లు కాదు. ఇద్దరూ రోడ్డు మీద నుంచి వచ్చేవాళ్లే, ఇద్దరికీ ఒంట్లో ఓపిక ఉండేది కాదు. సాయంత్రం మెట్ల మీద కూర్చుని టీ తాగుతూ, "ఇవాళ ఎలా ఉందమ్మా" అంటే "ఉంది మామయ్యా" అనేది. ఆ ఒక్క మాటలో ఎన్ని లారీలు, ఎంత ఎండ, ఎంతమంది చిల్లర తగువులు ఉన్నాయో ఆయనకి తెలిసేది. అంతకంటే అడిగేవాడు కాదు.

ఇక ఆ తెల్లగీత సంగతి.

పుస్తకం ప్రకారం ఇసక పోయాల్సింది టైర్లు వెళ్లే బాటలో. రోడ్డు మీద జాగ్రత్తగా చూస్తే నిగనిగలాడే రెండు చారలు కనిపిస్తాయి, అవి. అరిగేది అక్కడే కదా మరి. కానీ అక్కడ కూర్చోవాలంటే బళ్లు పోయే ఒక వరస మూసెయ్యాలి. మూసెయ్యడానికి అనుమతి కావాలి, కోన్లు కావాలి, అటొకరు ఇటొకరు జెండాలు పట్టుకుని నిలబడాలి. ఆఫీసు ఇచ్చేది ఒక జీపు, ఒక జెండా, ఒక మనిషి. పందొమ్మిదేళ్ల క్రితం ఆ ఒక్క మనిషి ఇసకాయనకి వరసకి బావమరిది. అతన్ని పన్లో పెట్టించింది ఇసకాయనే. ఒకరోజు ఆయన టైరు బాటలో వంగి బిళ్ల రుద్దుతుండగా వెనక లారీ ఆగలేదు. జెండా పట్టుకున్నవాడు ఈయన్ని పక్కకి తోశాడు, తను తప్పుకోలేకపోయాడు. పోయాడు.

ఆ తర్వాత ఇసకాయన టైరు బాటలో కూర్చోలేదు. రోడ్డు అంచున తెల్లగీత ఉంటుంది చూడండి, దాని పక్కన కూర్చునేవాడు. అక్కడ బళ్లు తిరగవు. కోన్లు లేకపోయినా ప్రాణం మీదికి రాదు. బతికుంటే బలుసాకు తినొచ్చు అన్నాడు పెద్ద ఫోర్‌మన్, చూసీ చూడనట్టు పోయాడు. ఆయన దగ్గర పని నేర్చుకున్నవాళ్లూ అక్కడే కూర్చున్నారు. కొన్నాళ్లకి ఆ ముఠాలో అదే పద్ధతి, అదే పుస్తకం. టైరు తగలని చోట రోడ్డు ఎలా ఉంటుంది? వేసిన రోజు ఎలా ఉందో అలాగే ఉంటుంది. కొలతలన్నీ బాగానే వచ్చేవి. బాగా వస్తున్న కొలతని అడిగేవాడెవడు.

ఇది తప్పని ఆయనకి తెలియదా అంటారేమో. తెలుసు. పంటిలో ఇరుక్కున్న పీచులాగా తెలుసు. ఆ పీచుతోనే పందొమ్మిదేళ్లు అన్నం తిన్నాడు.

నీళ్ల ట్యాంకు మలుపు అని ఒకటుంది. వంతెన దిగి, పల్లంగా ఎడమకి తిరిగే పెద్ద మలుపు. అక్కడ రోడ్డు పక్కన రేకుల షెడ్డులో పంక్చర్ల కొట్టు. ఆ కొట్టతను ఒకప్పుడు లారీ డ్రైవరు. ఏడేళ్ల క్రితం, చాలా రోజుల ఎండల తర్వాత తొలివాన పడ్డ మధ్యాహ్నం, ఆ మలుపులోనే అతని లారీ జారి బోల్తా పడింది. పక్కన కూర్చున్న సొంత తమ్ముడు పోయాడు. కోర్టులో అతను ఒకటే మాట చెప్పాడు, "నేను స్పీడులో లేను." రోడ్డు ఎలా ఉందని అడిగితే ఆఫీసు వాళ్లు ఇసకాయన కాగితం చూపించారు. ఇసకాయన వెళ్లి బోనులో నిలబడి, "నేనే కొలిచాను, రోడ్డు బాగానే ఉంది" అని చెప్పొచ్చాడు. అయిదు నిమిషాలు పట్టింది. అతనికి రెండేళ్లు జైలు పడింది, లైసెన్సు పోయింది.

బయటికొచ్చాక అతను తమ్ముడు పోయిన చోటే షెడ్డు వేసుకున్నాడు. ఇంకెక్కడికీ పోబుద్ధి కాలేదన్నాడు. ఇసకాయన మీద అతనికి కోపం లేదు. "మీరు కొలిచింది మీరు చెప్పారు, అందులో మీ తప్పేముంది సార్" అని, ఆయన వచ్చినప్పుడల్లా చేతులు కడుక్కోడానికి నీళ్లిచ్చేవాడు, టీ తెప్పించేవాడు. మొదట్లో మాత్రం, "నిజంగా స్పీడులో లేను సార్" అనేవాడు. ఇసకాయన టీ ఊదుకుంటూ, "వానలో కాస్త నిదానంగా పోవాల్సిందయ్యా" అనేవాడు. ఓదార్పనుకునే అనేవాడు. ఈ మధ్య అతను ఆ మాట అనడం మానేశాడు.

ఈ ఏడాది ఎండాకాలం చివర ఒక సాయంత్రం కోడలు టీ గ్లాసు పక్కన పెట్టి తనంతట తానే మాట్లాడింది. మొన్నో నాలుగు చినుకులు రాలాయట. "మామయ్యా, ట్యాంకు మలుపులో బస్సు వెనకభాగం పక్కకి జరిగింది. నా నడుముకి తెలిసింది. అక్కడ రోడ్డు బాగోలేదేమో."

"రెండు నెలల క్రితమే కొలిచానమ్మా. బాగుంది."

"మీరే కొలిచారా?"

"నేనే."

"అయితే సరే" అంది ఆ పిల్ల. మామయ్య కొలిచాడంటే ఇంకేం కావాలి. గ్లాసు తీసుకుని లోపలికి వెళ్లిపోయింది. ఆయన మాత్రం మెట్ల మీద చాలాసేపు కూర్చున్నాడు. చెప్పొచ్చు. మలుపు దగ్గర ఇంకాస్త నిదానంగా పోనియ్ అని ఒక్క ముక్క అనొచ్చు. అంటే ఎందుకని అడుగుతుంది. ఎందుకో చెప్పాలంటే పందొమ్మిదేళ్లు చెప్పాలి. అంత ఓపిక ఆయనకి లేకపోయింది. సిగ్గు కూడా ఉందనుకోండి, కానీ ముందు వచ్చింది మాత్రం నీరసమే.

తొమ్మిది రోజులకి వాన పడింది. పెద్ద వాన కూడా కాదు, నేల తడిపిపోయే వాన. పెద్ద వానయితే రోడ్డు మీది నూనె, దుమ్ము కొట్టుకుపోతాయి. ఇలాంటి తొలి జల్లయితే వాటిని కలిపి జిగురు చేసి పెడుతుంది. మధ్యాహ్నం ట్రిప్పులో, ట్యాంకు మలుపులో, ముప్పై ఒక్కమంది ఉన్న బస్సు నేరుగా వెళ్లి రోడ్డు పక్కన ఇనుప కంచెని కొట్టుకుని ఆగింది. అవతల కాలవ. కంచె పట్టింది కాబట్టి సరిపోయింది. ఒకావిడకి చెయ్యి విరిగింది, ఒక ముసలాయనకి తల మీద ఆరు కుట్లు పడ్డాయి. కోడలికి స్టీరింగు తగిలి పక్కటెముకలు వాచాయి. అద్దం పగిలిన బస్సులోంచి జనాన్ని ఒక్కొక్కరిని దింపింది పంక్చరాయన.

ఇంటికొచ్చాక ఆ పిల్ల రెండ్రోజులు మంచం దిగలేదు. అత్తగారు పక్కన కూర్చుని కాపడం పెడుతూ, "పోతే పోయింది ఇనుప కంచె, నువ్వు దక్కావు, అది చాలు" అంటుంటే గోడవైపు తిరిగి పడుకుంది. మూడో రోజు బస్సు కంపెనీ నుంచి కాగితం వచ్చింది. పనిలోంచి తాత్కాలికంగా ఆపారు, వచ్చే గురువారం విచారణ. అతివేగం, అజాగ్రత్త. రుజువైతే ఉద్యోగం, లైసెన్సు రెండూ పోతాయి. కేసు కూడా పెట్టొచ్చు. కాగితం కింద ఇంకో కాగితం జతచేశారు.

రాత్రి భోజనాల దగ్గర ఆ రెండో కాగితం తెచ్చి ఆయన కంచం పక్కన పెట్టింది.

"మామయ్యా, ఈ సంతకం మీదే కదా."

ఆయన చూశాడు. ట్యాంకు మలుపు, మచ్చ అడ్డం పదిహేడున్నర, ఉపరితలం సంతృప్తికరం. కింద తన వంకర సంతకం.

"నాదేనమ్మా."

"రోడ్డు బాగున్నప్పుడు బస్సు జారిందంటే నేను స్పీడులో ఉన్నట్టే అంటున్నారు. మీటరు ముల్లు నలభై మీద ఉంది మామయ్యా. నేను చూశాను. కానీ ఇప్పుడు మీ కాగితం చూస్తుంటే, సరిగ్గా చూశానో లేదో అనిపిస్తోంది."

కొడుకు తల దించుకుని అన్నం కెలుకుతున్నాడు. భార్య గరిటె పట్టుకుని ఆయన వంకే చూస్తోంది. ఆయన చెయ్యి కడుక్కుని లేచిపోయాడు. పిరికితనం అని నేనైతే అంటాను. మీరు కాస్త మర్యాదగా ఏమైనా అనండి.

మర్నాడు రోడ్డు బాగా ఎండింది. ఆఫీసులో సెలవు పెట్టాడు. సంచిలో ఇసక గిన్నె, బిళ్ల, మెత్తటి చీపురు, ఉక్కు స్కేలు వేసుకుని, మామూలు ప్రయాణికుడిలా బస్సెక్కి మలుపు దగ్గర దిగాడు. కంచె వంగి ఉంది. దానికి బస్సు రంగు ఇంకా అంటుకుని ఉంది.

"జీపేది సార్?" అన్నాడు పంక్చరాయన.

"ఇవాళ జీపు లేదు. ఎవరైనా జెండా పట్టుకునేవాళ్లు కావాలి."

పంక్చరాయన షెడ్డులోకి వెళ్లి ఎర్ర గుడ్డ ఒకటి కర్రకి కట్టుకొచ్చాడు. పాత టైర్లు నాలుగు దొర్లించి రోడ్డు మీద వరసగా నిలబెట్టాడు. కోన్లకంటే అవే నయం, టైరుని గుద్దడానికి ఏ డ్రైవరైనా ఆలోచిస్తాడు అన్నాడు. వంతెన దిగే చోటికి నడిచి వెళ్లి గుడ్డ ఊపుతూ నిలబడ్డాడు.

పందొమ్మిదేళ్ల తర్వాత ఇసకాయన టైరు బాటలో మోకాళ్లేశాడు. పక్క వరసలో లారీ పోయినప్పుడల్లా వీపు దానంతటదే ముడుచుకుంది. బావమరిది తోసిన తోపు భుజం మీద ఇప్పుడే తగిలినట్టుంది. అయినా చీపురుతో ఊడ్చి, గిన్నె తలకొట్టి, ఇసక పోసి, బిళ్ల తిప్పడం మొదలుపెట్టాడు.

ఇసక ఎక్కడా దిగలేదు. బిళ్ల కింద రాళ్లు తగలడం లేదు. కడిగిన పళ్లెం మీద రుద్దుతున్నట్టుంది. మచ్చ ఇరవై దాటింది, పాతిక దాటింది. తిప్పుతున్న కొద్దీ పెరుగుతోంది. చివరికి ఆగాక స్కేలు పెట్టాడు. స్కేలు ముప్పై సెంటీమీటర్లది. సరిపోలేదు. ఇరవై ఆరేళ్లలో ఆ స్కేలు సరిపోకపోవడం అదే మొదలు. మిగిలింది పెన్సిలుతో గుర్తుపెట్టి మళ్లీ కొలిచాడు. ముప్పై నాలుగు. ఇంకో రెండు చోట్ల పోశాడు. ముప్పై మూడు, ముప్పై నాలుగున్నర.

పంక్చరాయన గుడ్డ చుట్టుకుంటూ వచ్చాడు. అప్పటికే గాలికి మచ్చ అంచు చెదురుతోంది. "అయిందా సార్? బాగుందా?"

ఆయన తలెత్తి చూశాడు. ఇన్నేళ్లుగా తనకి నీళ్లిచ్చిన మనిషి. అప్పటిదాకా ఆయన బుర్రలో కోడలొక్కతే ఉంది. ఈ మనిషి సంగతి ఇప్పుడు తట్టింది.

"చెప్తానయ్యా" అన్నాడు. "గురువారం అయ్యాక వచ్చి చెప్తాను."

"తొందరేముంది సార్. లేవండి" అని అతను రెండు చంకల కింద చేతులేసి పైకి లేపాడు.

గురువారం బస్సు కంపెనీ ఆఫీసులో పొడుగు బల్ల. అటు విచారణ అధికారి, పక్కన హైవే ఆఫీసు తరఫున కొత్తగా వచ్చిన ఇంజనీరమ్మ. ఇటు కోడలు, పక్కన కొడుకు. ఇసకాయన్ని పిలవలేదు. ఆయనే వెళ్లి, తలుపు దగ్గర నిలబడి, నేనొక మాట చెప్పాలి అన్నాడు. టైరు బాటలో ముప్పై నాలుగు వచ్చిందన్నాడు.

అధికారి కాగితం చూపించాడు. "పదిహేడున్నర అని రాసింది మీరు కాదా?"

"నేనే సార్."

"ఇప్పుడేమో ముప్పై నాలుగంటున్నారు. వీటిలో ఏది అబద్ధం?"

"రెండూ నిజమే సార్. ఆ పదిహేడున్నర బళ్లు తిరగని చోట. తెల్లగీత పక్కన."

అధికారి వెనక్కి వాలాడు. "ఈవిడ మీకేమవుతుంది?"

"కోడలు."

"అదీ సంగతి."

"సంగతి అదే సార్. కోడలు కాకపోతే నేను వచ్చేవాణ్ణి కాదు. అది కూడా రాసుకోండి" అన్నాడు. గొంతు పెద్దది చెయ్యలేదు. "నా మాట నమ్మొద్దు. గిన్నె ఇక్కడుంది, బిళ్ల ఇక్కడుంది. ఎవరైనా వచ్చి పోసి చూడండి. ఇసకకి కోడళ్లు లేరు."

పోసి చూసింది ఇంజనీరమ్మ. అదే మధ్యాహ్నం, వరస మూయించి, కోన్లు పెట్టించి, చీర కుచ్చెళ్లు దోపుకుని, తానే టైరు బాటలో కూర్చుంది. పక్కన నిలబడి ఇసకాయన ఒక్క మాట చెప్పలేదు. ముప్పై మూడున్నర వచ్చింది. ఆవిడ కూర్చున్నచోటే ఆ అంకె రాసుకుంది. తర్వాత అడిగింది. "ఇంకా ఏయే చోట్ల ఇలా గీత పక్కన కొలిచారు?"

"అన్ని చోట్లా అమ్మా."

"ఎన్నేళ్లుగా?"

చెప్పాడు. ఎందుకో కూడా చెప్పాడు. బావమరిది సంగతి, ఒక్క జెండా సంగతి, అన్నీ. ఆవిడ వింది. విని, "కోన్లు అడగలేదా" అంది. "రెండేళ్లు అడిగానమ్మా. తర్వాత అడగడం మానేశాను" అన్నాడు. ఆ మాట ఆయనకే నచ్చలేదు.

కోడలి మీద ఆరోపణ ఎత్తేశారు. వారంలో మళ్లీ బస్సెక్కమన్నారు. మలుపులో పై పొర గీకించి కొత్త కంకర వేస్తారట, అప్పటిదాకా ముప్పై దాటొద్దని బోర్డు పాతారు. పందొమ్మిదేళ్ల కాగితాలు బయటికి తీయమని ఉత్తర్వు వచ్చింది. ఇసకాయన్ని సస్పెండు చేశారు. అది న్యాయమే, దాని గురించి ఆయన ఇంట్లో ఒక్క ముక్క అనలేదు.

ఆ సాయంత్రం కోడలు రెండు గ్లాసులు పట్టుకుని మెట్ల మీదకొచ్చింది. పక్కనే కూర్చుంది. "ఆ రోజు నేను అడిగినప్పుడు చెప్పాల్సింది మామయ్యా" అంది.

"చెప్పాల్సిందమ్మా."

"బస్సులో ముప్పై ఒక్కమంది ఉన్నారు."

"తెలుసు."

అంతకు మించి అనలేదు. తిట్టినా బాగుండేదనిపించింది ఆయనకి. ఆ పిల్ల టీ తాగి, ఆయన గ్లాసు కూడా తనే తీసుకుని లోపలికి వెళ్లింది.

మర్నాడు ముసురు. ఆయన గొడుగు వేసుకుని ట్యాంకు మలుపు దగ్గర దిగాడు. దారిపొడుగునా ఏం చెప్పాలో కూడబలుక్కున్నాడు గానీ షెడ్డు కనపడగానే ఒక్కటీ మిగల్లేదు. పంక్చరాయన పీట మీద కూర్చుని, ట్యూబుని తొట్టిలో ముంచి బుడగల కోసం చూస్తున్నాడు. "రండి సార్, లోపలికి రండి, తడుస్తున్నారు" అన్నాడు.

ఇసకాయన కూర్చోలేదు. నిలబడే చెప్పాడు. టైరు బాటలో ముప్పై నాలుగు వచ్చిందన్నాడు. ముప్పై నాలుగంటే గాజు మీద నీళ్లు పోసినట్టన్నాడు. ఏడేళ్ల క్రితం కూడా తను కొలిచింది గీత పక్కనే అన్నాడు. కోర్టులో రోడ్డు బాగుందని చెప్పినప్పుడు, లారీ జారిన చోట తను చెయ్యి కూడా పెట్టి చూడలేదన్నాడు. "నీకు అన్యాయం చేశాను. టీ తాగుతూ నీకే బుద్ధులు కూడా చెప్పాను" అన్నాడు.

పంక్చరాయన చేతులు తొట్టిలోనే ఉన్నాయి. ట్యూబులోంచి బుడగలు ఒకచోట నుంచి వరసగా వస్తున్నాయి. అతను వాటిని చూస్తున్నాడో లేదో తెలియదు.

"మొదట్లో స్పీడులో లేననే చెప్పేవాణ్ణి సార్" అన్నాడు చివరికి. "జడ్జిగారు ఉన్నానన్నారు. ఓనరు ఉన్నానన్నాడు. మా అమ్మ, తమ్ముణ్ణి పొట్టన పెట్టుకున్నావు కదరా, ఒక్కసారి నిజం చెప్పరా అని అడిగేది. రోజూ అడిగేది. ఇంతమంది అంటుంటే నాకే అనుమానమొచ్చింది. ఉన్నానేమోలే అనుకున్నా. ఒకరోజు అమ్మ దగ్గర ఒప్పేసుకున్నా. అవునమ్మా, స్పీడులోనే ఉన్నాను, నేనే చంపాను అని చెప్పేశా. అప్పటి నుంచి అడగడం మానేసింది. నాతో మాట్లాడ్డం కూడా మానేసింది. పోయి రెండేళ్లవుతోంది."

రోడ్డు మీద బళ్లు కొత్త బోర్డు చూసి నెమ్మదిగా తిరుగుతున్నాయి. ఇసకాయన అక్కడున్న పాత టైరు మీద కూలబడ్డాడు. "ఏమన్నా అనవయ్యా" అన్నాడు.

"ఏమనను సార్. ఒక కాగితం మీద రాసివ్వండి. నేను స్పీడులో లేనని."

"అది నేను రాయలేనయ్యా. నేను చూడలేదు. చూడనిది రాసే ఇంతదాకా తెచ్చాను."

అతను ఆలోచించాడు. "పోనీ, మీరు చూసిందే రాయండి."

ఇసకాయన సంచిలోంచి కొలతల పుస్తకం తీశాడు. ఆఫీసుకి అప్పజెప్పాల్సిన పుస్తకమే, ఇంకా అప్పజెప్పలేదు. మోకాలి మీద పెట్టుకుని పెన్సిలుతో, తన వంకర రాతతో నెమ్మదిగా రాశాడు. తేదీ వేశాడు, సంతకం పెట్టాడు. కాగితం చింపి అతనికి చాపాడు.

"చేతులు తడి సార్. మీరే చదవండి" అన్నాడు పంక్చరాయన.

"ట్యాంకు మలుపులో లారీ పడిన రోజుకి ముందు టైర్ల బాట నేను కొలవలేదు. రోడ్డు బాగుందని కోర్టులో చెప్పిన నా మాట చెల్లదు. తొలివానకి ఆ బాటలో ఎంత నిదానంగా వచ్చిన బండైనా జారొచ్చు."

పంక్చరాయన చేతులు తొట్టిలోంచి తీసి లుంగీకి తుడుచుకున్నాడు. ఒకసారి తుడుచుకున్నాక మళ్లీ తుడుచుకున్నాడు. కాగితం మాత్రం అందుకోలేదు. షెడ్డులో మూలన, మేకుకి తగిలించిన పటాల వైపు తిరిగి కూర్చున్నాడు. ఒకదాంట్లో కుర్రవయసు తమ్ముడు, పక్కదాంట్లో ముసలావిడ.

"ఇంకోసారి చదవండి సార్" అన్నాడు. "కొంచెం గట్టిగా."